లాంతరు వెలిగినంతసేపు

జయచంద్రకు వచ్చిన చిక్కు ఒక్కటే. గురువు గొంతు పోతోంది, కొండ మీద కరెంటు లేదు.

గురువు నాగూర్ సామి. దూదేకుల ఇంట పుట్టి, వయసులో ఉన్నన్నాళ్ళూ దూది ఏకి, ఆ దుమ్మంతా రొమ్ములో నింపుకుని, ఆ తర్వాత తత్వాల్లో పడ్డ మనిషి. గుండ్లకోన కొండ మీద ఆయనకొక చిన్న మఠం. నమాజు చేసేవాళ్ళూ వస్తారు, విభూతి పెట్టుకునేవాళ్ళూ వస్తారు. సామి అందరికీ ఒకటే చాప పరుస్తాడు.

ఆయనకు తన గురువు ఇచ్చిన తత్వం ఒకటుంది. వేకువ తత్వమంటారు. తెల్లవారకముందే పాడాలి, మధ్యలోంచి ఎత్తుకోగూడదు, కాగితం మీద పెట్టగూడదు. అందులో మనసు ఏడు వాకిళ్ళు దాటుతుంది, వాకిలికొక చరణం. ఏడో వాకిలి అవతల ఏముందో చివరి చరణంలో ఉంది. ఆ చరణం సామికి తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ రాదు.

జయచంద్ర నేర్చుకోబోయాడు. రాగం నిలవలేదు, చరణాలు గుర్తుండలేదు. మఠానికి రాకముందు పట్నంలో కంప్యూటర్లు బాగుచేసినవాడు, అతని తెలివంతా చేతుల్లో ఉంది.

"రికార్డు చేసుకుంటా సామీ. మీరు పోయినా తత్వం పోదు" అన్నాడు ఒకరోజు. మీరు పోయినా అని మొహం మీదే అనేసి నాలుక కరుచుకున్నాడు. సామి నవ్వి ఊరుకున్నాడు.

ఫోనులో పట్టి చూస్తే కొండగాలి తప్ప ఏమీ పడలేదు. మంచి మైకు ఒకటుంది, అది లాప్‌టాప్‌కే తగులుకుంటుంది. ఆ లాప్‌టాప్ లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, అడాప్టర్ గోడకు గుచ్చితే తప్ప కళ్ళు తెరవదు. మఠంలో గోడలున్నాయి గానీ వాటిలో కరెంటు లేదు. కరెంటున్న ఊళ్ళోకి దిగే ఓపిక సామికి లేదు.

జయచంద్ర ఊరుకునే రకం కాదు. పాత బ్యాటరీలు విప్పి, బొటనవేలంత సెల్లులు ఐదు ఏరుకొచ్చాడు. అడాప్టర్ తీగను మధ్యకు కోసి, లాప్‌టాప్‌లో దూరే పిన్ను ఉన్న ముక్కను వాటికి కలిపాడు. ఐదింటినీ ఒకదాని వెనక ఒకటి వరసగా పేర్చి, అగరబత్తి డబ్బాలో సర్దాడు. కింద ఊళ్ళో టీ అంగడి దగ్గర ఛార్జి ఎక్కించుకొచ్చి మీట నొక్కితే లాప్‌టాప్ వెలిగింది. అతని సంబరం చూడాలి, పెళ్ళికొడుకుకు కూడా అంత ఉండదు.

ఆ సంబరం నాలుగో వాకిలి దాకానే. అక్కడికి వచ్చేసరికి తెర ఆరిపోయింది. మర్నాడూ అంతే.

జయచంద్ర డబ్బా విప్పి ఒక్కొక్క సెల్లునూ పరీక్షించాడు.

"ఐదింట్లో ఒకటి నీరసంది సామీ. మిగతా నాలుగూ ఎంత గట్టివైనా లాభం లేదు. అది పడిపోతే అన్నీ ఆగిపోతాయి."

"ఏం చేస్తావు మరి?"

"తీసేసి మంచిది పెడతా."

ఆ సాయంత్రమే డబ్బా తెచ్చి సామి ముందు పెట్టాడు. ఇక ఎంతసేపైనా ఆడుతుందన్నాడు.

సామి దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీరసందాన్ని ఏం చేస్తివి?"

"దాని శక్తికి తగిన చోట పెట్టినా సామీ. దేన్నీ పారేయగూడదని మీరే చెబుతారు కదా!"

ఆ మాట సామికి నచ్చింది. "మంచి పని చేసినావు నాయనా" అన్నాడు.

ఆ తగిన చోటు ఓబుళమ్మ లాంతరు.

ఓబుళమ్మ మఠంలో వంట చేసే ముసలామె. కొండ కింద పల్లెలో ఆమెకొక గుడిసె, ఒక బర్రె. రోజూ పొద్దెక్కినాక పాలచెంబుతో మెట్లెక్కి వచ్చేది. రికార్డింగు మొదలైనాక జయచంద్రే ఆమెను పొద్దు పొడవకముందే రమ్మన్నాడు. మిరియాలు వేసిన వేడిపాలు పడితేనే సామి గొంతు తెరుచుకుంటుంది మరి.

"చీకట్లో ఎట్లొచ్చేది నాయనా? ఆ మెట్లు యేటికొకటి, గుట్టకొకటి" అంది ఆమె.

ఎవరో భక్తుడు మఠానికిచ్చిన సోలార్ లాంతరును జయచంద్రే ఆమె చేతిలో పెట్టాడు. ముసలామె దాన్ని పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేది. పైకి రాగానే మఠం ముందరి బండ మీద ఎండకు పెట్టి, మధ్యాహ్నం దిగిపోయేటప్పుడు చెంగుతో తుడిచి తీసుకుపోయేది.

ఆ బండ మీదే జయచంద్ర లాంతరు అడుగు మూత విప్పాడు. లోపల సరిగ్గా అదే కొలత సెల్లు, కొత్తది. దాన్ని తీసుకుని తన నీరసందాన్ని అక్కడ పెట్టాడు. దొంగతనం చేశానని అతనికి తోచలేదు. లాంతరే కదా, దానికెంత కావాలి అనుకున్నాడు. ఆమెకు చెప్పలేదు. చెప్పేంత సంగతి అనిపించలేదు.

యంత్రం ఆగడం మానింది. ఇప్పుడు సామికి దగ్గు పట్టుకుంది. ఒక వేకువ ఐదో వాకిలి దగ్గర, ఇంకో వేకువ ఆరో వాకిలి దగ్గర సామికి ఊపిరి అందక తత్వం నిలిచిపోయింది. జయచంద్ర ఓబుళమ్మను ఇంకాస్త ముందుగా రమ్మన్నాడు.

"వస్తాలే గానీ, నాయనా, ఈ దీపం ఒకపారి సూడు. కొండ కొసకు రాకముందే ఆరిపోతాంది" అంది ఓబుళమ్మ.

జయచంద్ర అప్పుడు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని దగ్గులు కత్తిరిస్తున్నాడు. "ఎండలో ఇంకాసేపు పెట్టవ్వా" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆమె సరేనంది. యంత్రాలు తెలిసినవాడు చెప్పాడంటే అంతే అయి ఉంటుందనుకుంది పాపం. ఇంకాసేపు పెట్టింది.

ఒక వేకువ పాలు రాలేదు. సామి చాప మీద కూచున్నాడు, మైకు పెట్టి ఉంది, డబ్బాలో ఛార్జి నిండుగా ఉంది. పాల కోసం చూసీ చూసీ తెల్లవారిపోయింది. జయచంద్ర విసుక్కున్నాడు. ఈ పొద్దు కూడా పోయిందే అనుకున్నాడు. ఈ మాట దాచి లాభం లేదు, అతను మొదట అనుకున్నది అదే.

ఎండ పడినాక గొర్లకాపరి ఒకడు రొప్పుకుంటూ వచ్చాడు. ఓబుళమ్మ సగం కొండ దగ్గర, మెట్లకు పక్కన బండల్లో పడి ఉంది. మంచం మీద మోసుకుని దిగుతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

గొర్లకాపరి లాంతరును తెచ్చి మఠం గడప మీద పెట్టాడు. "పక్కనే పడుండె సామీ. మీట యేసే ఉంది, దీపం మాత్రం లేదు."

సామి లాంతరును చూశాడు. జయచంద్రను చూశాడు.

వచ్చినవాళ్ళంతా ఒకటే మాటన్నారు. వయసు మళ్ళిన మనిషి, మంచుకు మెట్టు జారింది, రాత అట్లుంది. జయచంద్ర ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. లాంతరు లేనప్పుడు ఆమె చీకటి పోయేదాకా ఇల్లు కదిలేది కాదన్న సంగతి మాత్రం తలలోంచి పోలేదు. అన్నానికి కూచుంటే చాలు, తను లాంతరు విప్పిన బండ కనిపించేది. కనిపించినా నోరు మెదపలేదు.

సామి లాంతరును తన దగ్గరే ఉంచుకున్నాడు. పొద్దున బండ మీద పెట్టేవాడు, సాయంత్రం చెంగు లేదు కాబట్టి కండువాతో తుడిచి లోపలికి తెచ్చుకునేవాడు. జయచంద్ర చూసీ చూడనట్టు పక్కకు తప్పుకునేవాడు.

కర్మలన్నీ అయినాక ఒక వేకువ సామి అతన్ని తట్టి లేపాడు.

"యంత్రం తెచ్చుకో నాయనా. ఈ పొద్దు పాడతా. ఈ ఒక్కసారే. ఇంకో మాటు పాడేందుకు ఈ రొమ్ములో ఏమీ లేదు."

జయచంద్ర పరుగున పోయాడు. అన్ని రోజుల తర్వాత గుండె తేలికైంది. డబ్బా కలిపాడు, మైకు పెట్టాడు. వచ్చి చూస్తే సామి తనకూ అతనికీ మధ్య ఓబుళమ్మ లాంతరు పెట్టుకుని ఉన్నాడు. అద్దం పగిలి ఉంది. మీట వేస్తే వెలిగింది.

సామి ఎత్తుకున్నాడు.

మేలుకోవే మనసా, తెల్లవారకముందె తెరువు చూచుకోవే...

పాలు లేవు, మిరియాలు లేవు, అయినా ఆ వేకువ గొంతు పలికింది. దగ్గు రాలేదు. ఒకటో వాకిలి, రెండో వాకిలి. ఆరో వాకిలి దగ్గర లాంతరు వెలుగు కాస్త సన్నగిల్లింది. జయచంద్ర తెర మీంచి చూపు తిప్పలేదు. ఇంత చక్కగా ఎప్పుడూ పడలేదు.

ఏడో వాకిలి దాటి ఎదురుగా చూచితే...

లాంతరు ఆరిపోయింది. సామి ఆగిపోయాడు.

జయచంద్ర కాసేపు ఆగి చూశాడు. ఊపిరి తీసుకుంటున్నాడేమో అనుకున్నాడు. బయట ఇంకా చీకటే. లాప్‌టాప్ వెలుగు ఒక్క అతని మొహం మీదే పడుతోంది.

"సామీ, ఇంకొక్క చరణమే."

జయచంద్ర మైకును ఇంకాస్త దగ్గరకు జరిపాడు.

"తెల్లారేందుకు ఇంకా పొద్దుంది సామీ." తెర వైపు చూశాడు. "ఛార్జి కూడా చాలా ఉంది."

చీకట్లో సామి చేయి లాంతరును వెతుక్కుని, మీట తీసి, దాన్ని మెల్లగా అతని ఒళ్ళో పెట్టింది.

"ఆయమ్మ ఇంతవరకే వచ్చింది నాయనా."