బొట్లు పెట్టిన వైఫై పెట్టెలు

అనగనగా తణుకులో ఒక మేడ ఇల్లు ఉందిట చంటీ. కింద వాటాలో పెద్ద కోడలు మాణిక్యం, పైన చిన్న కోడలు హైమ. మాణిక్యం జాకెట్లు కుడుతుంది. హైమకి పాటంటే ప్రాణం. కాళ్ళు ఆడించకు, విను.

వాళ్ళింట్లో కింద ఒక వైఫై పెట్టె ఉండేది, రౌటరంటారే, అది. దాని సిగ్నలు పైదాకా అందేది కాదు. అందుకని దాన్నుంచి ఒక వైరు పైకి లాగి, అక్కడ రెండో పెట్టె పెట్టారు.

హైమ ఇన్నాళ్ళూ వంటింట్లోనే పాడుకుంది. నలుగురి ముందు పాడమంటే నోరు పెగిలేది కాదు. చివరికి ఎలాగో ధైర్యం చేసి, విజయదశమి సాయంత్రం ఆరింటికి ఫోన్లో సంగీతం క్లాసు మొదలుపెడతానంది. ఐదుగురు పిల్లలు చేరారు కూడా. ఇవాళ తప్పిపోతే మళ్ళీ నాకు ధైర్యం రాదక్కా అని మాణిక్యంతో చెప్పుకుంది.

పండగ పొద్దున్న మాణిక్యం ఆయుధపూజ చేసింది. ఆవిడ పూజంటే మాటలా? కుట్టుమిషను, కత్తెరలు, మిక్సీ, స్కూటరు, దేన్నీ వదల్లేదు. వైఫై పెట్టెలు మాత్రం ఏం పాపం చేశాయని, వాటి వైర్లు పీకి, శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మళ్ళీ వైర్లు గుచ్చేసింది.

అప్పుడేమైంది? నెట్ పోయింది. పైనా లేదు, కిందా లేదు. పండగ హడావిడిలో సాయంత్రందాకా ఎవరూ చూసుకోనేలేదు. పెట్టెల్లో లైట్లు మాత్రం మిలమిలా వెలుగుతున్నాయి.

ముందు రెండు పెట్టెలూ ఆపి మళ్ళీ వేశారు. రాలేదు. ఆ తర్వాత నెట్ వాళ్ళకి ఫోన్ చేశారు. బయటి లైను బాగానే ఉందిట, పండగ కదా, మనిషి రేపొస్తాడుట. ఫోన్లో వేసుకునే డేటా ఆ ఇంట్లో సరిగ్గా అందదాయె. గడియారం చూస్తే ఐదు దాటింది. హైమ మెట్ల మీద కూలబడి, పిల్లలకి క్లాసు లేదని చెప్పేస్తానంది.

మాణిక్యానికి ప్రాణం ఉసూరుమంది. జాకెట్టు ఎక్కడో పట్టేసిందంటే ఆవిడ మొత్తం విప్పదు, ఒక్కో కుట్టూ చూసుకుంటూ వస్తుంది. ఇక్కడా అదే చేసింది. పై పెట్టె ఆపేసి, కిందదాన్ని ఒక్కదాన్నే ఉంచింది. ఫోన్లో వైఫై ఆపి వేస్తే నెట్ వచ్చేసింది. అంటే తంటా పైదానితోనే.

అప్పుడు ఇద్దరూ పై పెట్టెని వెనక్కి తిప్పి పసుపు తుడిచారు. కింది నుంచి వచ్చే వైరుకి విడిగా ఒక నీలం రంగు కన్నం ఉంది. పసుపు మెత్తేసరికి అది కనబడక, మాణిక్యం ఆ వైరుని పక్క కన్నంలో గుచ్చేసింది. దాంతో పై పెట్టె ఇంటికంతటికీ తనే పెద్దననుకుని, కింది ఫోన్లక్కూడా దారి చెప్పడం మొదలుపెట్టింది. దానికి బయటికి దారుంటేగా? ఒక పెట్టె ఇటు పొమ్మని, ఇంకో పెట్టె అటు పొమ్మని అంటే ఫోన్లు ఎటు పోతాయి చెప్పు.

"నా చేత్తో నేనే చెడగొట్టానే హైమా," అంది మాణిక్యం. వైరు పీకి నీలం కన్నంలో పెట్టి, పై పెట్టె మళ్ళీ వేసింది. నెట్ వచ్చింది. హైమకి కోపమెక్కడిది, అమ్మయ్య అని నవ్వేసి చాప తేవడానికి పరిగెత్తింది.

ఆరైంది. ఫోన్లో పిల్లలు ఒక్కొక్కళ్ళే కనబడ్డారు. ఐదుగురూ వచ్చాక ఇంకో మొహం కనబడింది. కుట్టుమిషను ముందు కొత్త చీర కట్టుకుని, చేతులు జోడించి కూర్చున్న మాణిక్యం.

"అదేంటక్కా, పైకే రావచ్చుగా?" అంది హైమ.

"పైకొస్తే నీ తోడికోడల్ని. ఇలా వస్తే నీ శిష్యురాల్ని. నాకూ చిన్నప్పట్నుంచీ నేర్చుకోవాలనే ఉందే. కానీయమ్మా."

హైమ కళ్ళు తుడుచుకుంది. శ్రుతి పెట్టుకుని, మేడంతా మోగేలా స అంది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
దుప్పటేమో చంటికి.