ఇసుక ఊరి నీళ్ళు

నిత్యబోధ స్వామివారు తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునే మనిషి కాదు. ఎవరైనా "ఇందులో దోషమేమీ లేదు స్వామీ" అన్నారంటే చాలు, ఆయనకు అక్కడే అనుమానం మొదలయ్యేది. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఈయన దాన్ని కూర్చోబెట్టి మేపుతున్నాడేమిటని ఆశ్రమంలో మేమంతా విసుక్కునేవాళ్ళం.

శిష్యుల్లో ధర్మారావని ఒక ఇంజనీరు ఉండేవాడు. కొత్తగా ఇల్లు కట్టాడు. గృహప్రవేశం నాడు స్వామివారే ముందుగా గడప దాటాలని అతని ఆశ. పిలవడానికి వచ్చి ఒక ప్రశ్న కూడా వేశాడు.

"స్వామీ, మా దీపాలన్నీ ఎండతోనే వెలుగుతాయి. వాన నీళ్ళు ఒక్క చుక్క వృథా పోవు. చెట్టన్నది కొట్టలేదు. భూమికి బరువు కాని ఇల్లని దీన్ని అనవచ్చునా?"

"లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టావు?"

"మేం కాపురానికి దిగే రోజు నుంచి, స్వామీ."

స్వామివారు ఊఁ అన్నారు. ఆ ఊఁ నాకేమీ బాగా తోచలేదు. ఇసుక ఎక్కడిదని అడిగారు. ఏటిపాలెం దగ్గర ఏటిదనీ, అనుమతులన్నీ ఉన్నాయనీ ధర్మారావు చెప్పాడు.

"మంచిది. పుణ్యాహవాచనానికి నీళ్ళు ఆ ఊరి బావిలోంచి నువ్వే తోడి తీసుకురా. అవి ఇల్లంతా చల్లాకే నేను లోపలికి వస్తాను."

ఇదేదో పాత ఆచారం కాబోలనుకుని ధర్మారావు ముహూర్తం నాటి ఉదయం రాగి చెంబు పట్టుకుని వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి స్వామివారూ, మేమూ, బంధువులూ అంతా వాకిట్లో నిలబడి ఉన్నాం. పురోహితుడు వేళ మించిపోతోందని తొందరపెడుతున్నాడు. చెంబు నిండుగానే ఉంది గానీ ధర్మారావు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

స్వామివారు చెంబులోకి తొంగి చూశారు. "బావి నీళ్ళేనా?"

"కాదు స్వామీ. ఏట్లో ఇసుక ఎత్తేశాక ఆ బావిలో ఊట ఆగిపోయిందట. పైడమ్మని ఒక ముసలామె పొరుగూరి నుంచి బిందె మోసుకొస్తూ ఎదురైంది. శుభకార్యానికి లేదనకూడదంటూ తన బిందెలోంచి వంచి పోసింది." అతను చెంబును దగ్గరికి పట్టుకున్నాడు. "ఆ ఇసుక నా ఇంట్లోనే ఉందని చెప్పేశాను. తిట్టలేదు స్వామీ. 'ఎప్పుడైనా ఆ ఇల్లు పడగొడితే మా ఇసక మాకిచ్చేస్తారేటి బాబూ?' అని అడిగింది."

వాకిట్లో ఒక మూల రాజేసిన పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడు వినిపించింది. పురోహితుడు చెంబు కోసం చెయ్యి చాచాడు. ధర్మారావు ఇవ్వలేదు.

"ఏం చెప్పావు ఆవిడకి?" అన్నారు స్వామివారు.

"ఏమీ చెప్పలేకపోయాను."

స్వామివారు గడప వైపు చూసి వెనక్కి తిరిగారు.

"అయితే ఇల్లింకా పూర్తి కాలేదు నాయనా. అయ్యాక పిలువు."