ఖాళీ లేని తొమ్మిది పుస్తకాలు

రేవు పట్నం పడవ పౌర్ణమి మర్నాడు వెళ్ళిపోతుంది. పౌర్ణమికి ఇంక ఆరు రోజులే ఉన్నాయి. రేవతుడు రాసిన తొమ్మిది పుస్తకాల్లో ఒక్కదాని మీద కూడా గురువు ముద్ర పడలేదు.

కొండ మీది ఆ బౌద్ధ విహారంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ఏ పుస్తకం రాసినా, చివరి తాటాకు మీద అందరికీ గురువైన పెద్ద భిక్షువు నందినాగుడు లక్క ముద్ర వేస్తేనే అది కొండ దిగుతుంది. ముద్ర పడని పుస్తకం పట్టుకుని ఇంకో చోట పాఠం చెప్పడానికి వీల్లేదు.

రేవతుడు పన్నెండేళ్లు ఆ కొండ మీద చదివాడు. నక్షత్రాల నడక మీద ఒక పుస్తకం రాశాడు. గొర్రెలకు వచ్చే రోగాల మీద ఒకటి, వ్యాకరణం మీద ఒకటి. భూమి కొలత, నూనెగింజల సాగు, వీణ స్వరాలు, పాముకాటు, ఏటి వరదలు, కీళ్లనొప్పుల మందులు, వీటన్నిటి మీదా రాశాడు. ఒకదానికొకటి చుట్టరికం లేని తొమ్మిది శాస్త్రాలు.

కొండ కింది ఏరు సముద్రంలో కలిసే చోట, రేవు పట్నంలో, కొత్త విహారం కట్టారు. అక్కడ చదువు చెప్పేవాళ్ల కోసం ధనగిరి అనే భిక్షువు పడవ మీద ఈ కొండకు వచ్చాడు. రేవతుడి పుస్తకాలు తిరగేసి పొంగిపోయాడు. తొమ్మిది చదువులకు తొమ్మిది మందిని తీసుకెళ్తే తొమ్మిది పొట్టలు నింపాలి, ఇతనొక్కడు చాలని నవ్వాడు. ముద్రలు వేయించుకుని సిద్ధంగా ఉండమనీ, ఎగువ విహారాలు చూసుకుని పౌర్ణమికి వస్తాననీ చెప్పి వెళ్ళాడు.

ఆ రోజే రేవతుడు తొమ్మిది కట్టలూ తీసుకెళ్ళి గురువు గదిలో పెట్టాడు. నెల కావస్తోంది. గురువు వాటిని చదువుతున్నాడు, పక్కన పెడుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. ముద్ర మాత్రం వేయడం లేదు. ఎందుకో చెప్పడం లేదు.

రేవతుడికి అనుమానం మొదలైంది. ముసలాయన జీవితమంతా ఇదే కొండ మీద కూర్చున్నాడు. సొంతంగా ఒక్క పుస్తకం రాయలేదు. తన దగ్గర చదివినవాడు తొమ్మిది రాస్తే కడుపు మండదా?

పక్కగదిలో ఉండే ఉత్తరుడి మీద ఇంకా పెద్ద అనుమానం. ఉత్తరుడు సున్నం కాల్చే ఇంట్లో పుట్టినవాడు. పన్నెండేళ్లలో అతను రాసింది ఒక్కటే పుస్తకం, గోడలకు పూసే గచ్చు మీద. అదీ నలభై ఆకులు లేదు. దాని మీద ముద్ర రెండేళ్ల కిందటే పడింది. రేవతుడికి అది ఇప్పటికీ మింగుడు పడలేదు. ఈమధ్య గురువు పొద్దున్నే సున్నపు బట్టీ దగ్గరికి వెళ్ళి ఉత్తరుడితో మాట్లాడుతున్నాడు. రేవతుడు దగ్గరికి వెళ్తే ఇద్దరూ ఆపేస్తున్నారు. అతనికి అలాగే అనిపించింది.

ఒక మధ్యాహ్నం భిక్షాపాత్రలు కడుక్కుంటున్నప్పుడు అడిగేశాడు.

"ఆయనకు ఏం చెప్పావు?"

"తూర్పు గోడ గచ్చు పగులుతోందని చెప్పాను."

"నా గురించి ఏం చెప్పావని అడుగుతున్నాను."

ఉత్తరుడు పాత్ర బోర్లించి నీళ్లు వంపాడు. "నీ గురించి చెప్పేంత నాకేం తెలుసయ్యా? నువ్వు తొమ్మిది శాస్త్రాలవాడివి. నేను బట్టీవాణ్ణి."

రేవతుడు అది వెక్కిరింతే అనుకున్నాడు. నిజానికి అందులో కొంత వెక్కిరింత ఉంది కూడా.

మర్నాడు గురువు దగ్గర్నుంచి కబురు వచ్చింది. పుస్తకాలు రాసేటప్పుడు ఏ పాత తాటాకులు చూసి రాశాడో వాటన్నిటినీ తీసుకురమ్మని. దొంగ ఇల్లు సోదా చేసినట్టు అనిపించింది రేవతుడికి. పుస్తకశాలలోంచి పాత కట్టలు రెండు చేతులా ఎత్తుకొచ్చి, తూర్పు వసారాలో చాప మీద కూర్చున్న గురువు ముందు పెట్టాడు. కొంచెం విసురుగానే పెట్టాడు. దుమ్ము లేచింది.

గురువు గొర్రెల పుస్తకం రాసేటప్పుడు ఎన్ని మందల వెంట తిరిగావని అడిగాడు. తిరగనక్కర్లేకపోయిందనీ, పాత ఆచార్యులు అంతా రాసిపెట్టారనీ రేవతుడు చెప్పాడు. నూనెగింజల కోసం ఏ రైతును అడిగావంటే, అదీ రాసే ఉందన్నాడు.

"వరదల పుస్తకం రాసేటప్పుడైనా ఏటి దగ్గరికి వెళ్ళావా?"

"స్నానానికి రోజూ వెళ్తాను భంతే."

గురువు నవ్వలేదు. పాత ఆకు ఒకటి తీసి ఎండకు అడ్డంగా పట్టుకున్నాడు. పురుగు తిన్న రంధ్రాల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా ఆయన ఒళ్లో పడింది. తర్వాత అదే విషయం మీద రేవతుడు రాసిన ఆకు తీసి పట్టుకున్నాడు. అక్షరాలు నిండుగా ఉన్నాయి. ఎక్కడా సందు లేదు. ఇంకో పుస్తకం తీశాడు. మళ్ళీ అంతే. తొమ్మిదీ అంతే.

పాత ఆకులు చూసి రాసేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పురుగు ఎన్ని అక్షరాలు తిన్నదో అంత మేరా ఖాళీ వదిలేస్తారు. అక్కడ ఏముండేదో తనకు తెలియదని తర్వాతివాడికి చెప్పడం అది. ఉత్తరుడి నలభై ఆకుల్లో అలాంటి ఖాళీలు పదిహేడు ఉన్నాయి. అవమానం అనుకోకుండా వదిలాడు. చిన్నప్పటి నుంచీ బట్టీ దగ్గర చేతులు కాల్చుకున్నవాడు, కాలినదేదో కాలనిదేదో తెలియకుండా తెలుసని అనడు.

"నువ్వు చదివిన ఆకుల్ని పురుగులు వదలలేదు. నీ పుస్తకాల్లో ఒక్క పురుగు కనపడదు," అన్నాడు గురువు.

రేవతుడికి కోపం వచ్చింది. నెల రోజులుగా లోపల పెట్టుకున్నది బయటికి వచ్చింది. "ఖాళీలు వదలడానికి ఇంత చదువెందుకు భంతే? నకలు రాసేవాడు వదిలేస్తాడు. పండితుడు పూరిస్తాడు. ఒక శాస్త్రంలో దొరకనిది ఇంకో శాస్త్రం చెబుతుంది. నాకు తొమ్మిది వచ్చు కాబట్టి పూరించగలిగాను. ఒక్కటే వచ్చినవాళ్ళకు అది అర్థం కాదు."

ఆ చివరి మాట ఉత్తరుణ్ణి అన్నాడో గురువునే అన్నాడో అతనికే తెలియదు.

గురువు చాలాసేపు మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. చలికాలం నుంచీ ఆయనకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. లేవాలంటే గోడ పట్టుకోవాలి.

"నాకు మందు చేసి తీసుకురా," అన్నాడు చివరికి. "నీ పుస్తకంలో ఉన్నట్టే చెయ్యి. రేపు పొద్దున తాగుతాను. తాగాక తొమ్మిదింటికీ ముద్ర వేస్తాను."

రేవతుడు ఎగిరి గంతేసినంత పని చేసి వెళ్ళాడు.

ఆ మందులో నాభి అనే వేరు వేయాలి. అది విషపు వేరు. శుద్ధి చేసి, కొలత ప్రకారం వేస్తే నొప్పి తీస్తుంది. కొలత మించితే మనిషినే తీస్తుంది. రేవతుడు వేరును శుద్ధి చేసి, ఎండబెట్టి ఉంచిన పొడి తెచ్చుకున్నాడు. పొద్దున్నే చిన్న తక్కెడ ముందు కూర్చున్నాడు. పుస్తకంలో మూడు గురిగింజల ఎత్తు అని ఉంది. తానే రాశాడు. ఒక పళ్లెంలో మూడు గురిగింజలు వేసి, రెండో పళ్లెంలో పొడి పోశాడు. ముల్లు సరిగ్గా నిలబడింది.

ఆ పొడి వంక చూశాడు. తక్కువేమీ లేదు.

ఒక గింజ తీసేసి, అంత పొడి తగ్గించాడు. కాసేపు ఆగి ఇంకో గింజ తీసేశాడు. పళ్లెంలో ఒక్క గింజ మిగిలింది. మిగిలిన కొంచెం పొడి తేనెలో కలిపి, వేడినీళ్లు పోసి, మూత పెట్టి తీసుకెళ్ళాడు.

గురువు గిన్నె అందుకున్నాడు. పెదవుల దాకా తీసుకెళ్ళి ఆగాడు.

"మూడూ వేశావా?"

రేవతుడు తల వంచుకున్నాడు. "ఒకటే వేశాను భంతే."

"పుస్తకంలో మూడని ఉంది కదా?"

"ఉంది."

"మరి నాకు ఒకటీ, ఊరివాళ్ళకు మూడూనా?"

గురువు గిన్నె కింద పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని అడిగాడు.

"పాత ఆకులో ఎంతని ఉంది?"

"గురిగింజల ఎత్తు అన్నంతవరకే ఉంది. ముందు ఎంత అన్న మాట పురుగు తినేసింది."

"మూడు ఎక్కడి నుంచి వచ్చింది?"

రేవతుడు గొంతు తగ్గించాడు. "అది పద్యం. మూడు అని వేస్తే ఛందస్సు సరిపోయింది."

"రెండు అని వేస్తే?"

"సరిపోతుంది."

"ఆరు అని వేస్తే?"

"అదీ సరిపోతుంది భంతే."

గురువు గిన్నె అతని చేతికి ఇచ్చాడు. పశువులు మేయని చోట గొయ్యి తీసి పారబోయమన్నాడు. పైన రాయి పెట్టమన్నాడు. గోడ పట్టుకుని మెల్లగా లేచి లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టలేదు. పుస్తకాలు వెనక్కి ఇస్తున్నాననీ అనలేదు, ముద్ర వేస్తాననీ అనలేదు.

రేవతుడు రాయి పెట్టి వచ్చాడు. తొమ్మిది కట్టలూ, పాత ఆకులూ తీసుకుని తన గదిలోకి వెళ్ళాడు. ఇంక నాలుగు రోజులు. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం చెరపడానికి కుదరదు. ఉత్తరుడి దగ్గరికి వెళ్ళి ఒక ఇనుప మేకు అడిగాడు. కాల్చి ఇవ్వమన్నాడు.

పాత ఆకు పక్కన కొత్త ఆకు పెట్టుకుని వరస వరసా చూశాడు. పురుగు తిన్న చోట తాను పూరించిన ప్రతి మాట మీదా ఎర్రటి మేకు ఆనించాడు. నక్షత్రాల పుస్తకంలో ముప్పై రెండు. వ్యాకరణంలో ఆరు. గొర్రెల పుస్తకంలో లెక్క పెట్టడం మానేశాడు. పాముకాటు పుస్తకం తెరిచినప్పుడు మేకు జారి, పక్కన ఉన్న మంచి అక్షరం కూడా కాలింది. కొన్నిచోట్ల పాత ఆకు పొడి అయిపోయింది. అక్కడి మాట ఆచార్యులదో తనదో గుర్తు లేదు. అలాంటిచోట మేకు చల్లారిపోయేదాకా ఊరికే కూర్చునేవాడు. తర్వాత ఇంకో మేకు తెప్పించుకుని ఆ మాటనూ కాల్చేవాడు.

ఉత్తరుడు బట్టీ నుంచి పట్టకారుతో మేకు తెచ్చి ఇచ్చి, చల్లారింది తీసుకెళ్ళేవాడు. నాలుగు రోజులూ అదే పని.

పౌర్ణమి రోజు ధనగిరి వచ్చాడు. అతను వసారాలోకి వచ్చేసరికి గురువు ముందు తొమ్మిది కట్టలు ఉన్నాయి. గురువు లక్క కరిగించి, ఒక్కొక్కదాని చివరి ఆకు మీద ముద్ర వేస్తున్నాడు. రేవతుడు ఆకులు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ముద్ర పడ్డ ప్రతిసారీ తల ఇంకొంచెం దించుకుంటున్నాడు.

ధనగిరి సంతోషంగా పైనున్న కట్ట తీసి తెరిచాడు. ఇంకోటి తెరిచాడు. మొహం మారిపోయింది. ప్రతి ఆకూ మశూచి వచ్చిన మొహంలా ఉంది. మందుల పుస్తకంలో ఒక చోట వేలు పెట్టి రేవతుణ్ణి అడిగాడు.

"ఇక్కడ నాభి ఎంత వేయాలి?"

"తెలియదు."

"పోయిన నెల మూడు అని ఉంది. నేనే చదివాను."

"అది నేను పెట్టింది. అసలు ఎంతో నాకు తెలియదు."

పన్నెండేళ్లలో ఆ మాట అతను ఇంకొకరి ముందు అనడం అదే మొదటిసారి.

ధనగిరి గురువు వైపు తిరిగాడు. మర్యాదగానే అడిగాడు కానీ గొంతులో అనుమానం దాగలేదు. నిండుగా ఉన్నప్పుడు నెల రోజులు ముద్ర వేయకుండా కూర్చుని, ఇలా తూట్లు పడ్డాక తొమ్మిదింటికీ వేయడం ఏమిటన్నాడు. తొమ్మిది శాస్త్రాలు చెప్పేవాడని తమ విహారంలో అందరికీ చెప్పుకున్నాననీ, ఇప్పుడు వీటిని ఏ మొహంతో చూపించాలనీ అన్నాడు.

గురువు వేలికి అంటిన లక్క గిల్లుకుంటున్నాడు.

"అప్పుడు వీటిని చూస్తే నాకు భయం వేసేది," అన్నాడు.

ధనగిరి ఆకు వైపు చూశాడు. కాలిన చోట వేలు అలాగే ఉంది. ఆ మూడును రేవు పట్నంలో వంద మంది చేత వల్లె వేయించాలనుకున్నది అతనే. మెల్లగా వేలు తీసి, ఆకులు సర్ది, తాడు చుట్టాడు. రేవతుడు కట్టలు ఎత్తబోతే ఆపి, రేపు పొద్దున పడవ దగ్గరికి వచ్చెయ్యమని చెప్పి, తొమ్మిది కట్టలూ తానే భుజానికి ఎత్తుకుని మెట్ల వైపు నడిచాడు.