తాతకి లెక్కలు నేర్పిన దమయంతి

కాళ్ళు ముడుచుకుని ఇటు తిరిగి పడుకో తల్లీ. దుప్పటి నేను కప్పుతాలే. ఊఁ కొడుతూ విను.

అనగనగా జీడితోటల నడుమ ఒక ఊరు. ఎండాకాలం వస్తే ఊరంతా జీడిపళ్ళ వాసన. ప్రతి వాకిట్లోనూ చాపల మీద జీడిపిక్కలు ఎండుతుండేవి. ఆ ఊళ్ళో లోకనాథం మాస్టారని ఒక లెక్కల మాస్టారు ఉండేవారు.

బళ్ళో ఉద్యోగం అయిపోయినా ఆయన చదువు చెప్పడం మానలేదు. పొద్దున్నా సాయంత్రమూ తన ఇంటి అరుగు మీదే పిల్లల్ని కూర్చోబెట్టేవారు. ఐదో తరగతి పిల్లలకి గురుకులం పరీక్ష ఉంటుంది కదా, దానికి తయారు చేసేవారు. ఏటా ఆయన దగ్గర చదివిన వాళ్ళకి సీట్లు వచ్చేవి. అందుకని పక్క ఊళ్ళ వాళ్ళు కూడా పిల్లల్ని తెచ్చి అప్పగించేవారు.

మంచాయన. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవారు కాదు, ఎవర్నీ కొట్టేవారు కాదు. కానీ ఆయనకి తొందర ఎక్కువ. "ఏడెనిమిదులెంత?" అని అడిగేవారు. ఇలా అడగడం, అలా జవాబు రావాలి. రాకపోతే ఆయనే చెప్పేసి పక్క పిల్లాడి దగ్గరికి వెళ్ళిపోయేవారు. రెండు మూడుసార్లు అలా అయితే, "నీ తలకి ఇది ఎక్కదులే" అనేసేవారు. కోపంగా కూడా కాదు, ఆకాశంలో మబ్బు లేదన్నట్టు అనేవారు. ఆ మాట పడ్డ పిల్లలు మర్నాటి నుంచి వచ్చేవారు కాదు. తోటల్లో పిక్కలేరుకోవడానికి పోయేవారు. సీట్లు వచ్చిన వాళ్ళ గురించి ఊరంతా చెప్పుకునేది. మానేసిన వాళ్ళ గురించి ఎవరడుగుతారు?

ఆ మాస్టారికి ఒక కూతురు, ఊర్మిళ. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పనికి వెళ్ళేది. ఆమె పెనిమిటి ఓడల పని మీద ఎక్కడో దూరాన ఉండేవాడు. అందుకని ఊర్మిళ తన కూతుర్ని తీసుకుని తండ్రి దగ్గరే ఉండేది. ఆ కూతురి పేరు దమయంతి.

దమయంతి నెమ్మదైన పిల్ల. అన్నం నెమ్మదిగా తినేది, జడ నెమ్మదిగా అల్లుకునేది, లెక్క కూడా నెమ్మదిగానే చేసేది. "ఏడెనిమిదులెంత?" అని తాత అడిగితే, పాపం కింది మెట్టు నుంచి మొదలుపెట్టేది. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి అనుకుంటూ ఎక్కుతుండేది. అది సగం మెట్లు ఎక్కేలోపే తాత, "యాభై ఆరు" అనేసేవారు. అప్పుడు దమయంతి ఎక్కిన మెట్లన్నీ కూలిపోయేవి.

తన మనవరాలికే లెక్కలు రాకపోతే ఎలాగ అని మాస్టారికి బెంగ పట్టుకుంది.

ముందు ఆయన దాన్ని తెల్లవారుజామున లేపి ఎక్కాలు బట్టీ పట్టించారు. దమయంతికి పాటలాగా వచ్చేశాయి. కానీ మధ్యలోంచి అడిగితే ఒక్కటీ చెప్పలేకపోయేది.

ఆ తర్వాత హేమసుందరం అనే చురుకైన కుర్రాడి పక్కన కూర్చోబెట్టారు. వాణ్ణి చూసైనా నేర్చుకుంటుందని ఆయన ఆశ. దమయంతి వాడి పెదాలు ఎలా కదిలితే అలా పలకడం నేర్చుకుంది.

ఇక ఒకరోజు, అరుగు నిండా పిల్లలుండగా, ముప్పై రెండులోంచి పదిహేడు తీసెయ్యమన్నారు. దమయంతి పలక మీద ఇరవై ఐదు వేసింది. మాస్టారు ఆ పలక ఎత్తి అందరికీ చూపించారు. "ఊరందరి పిల్లలకీ నేర్పాను. నా ఇంట్లో పుట్టినదానికి మాత్రం నేర్పలేకపోయాను" అన్నారు.

ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. దమయంతి పలక తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట తాతా మనవరాలూ ఇద్దరూ అన్నం తినలేదు.

"దాన్నొగ్గీండి నాన్నా, దాని మానాన వదిలీండి. లెక్కలు రాకపోతే మనిషి కాకుండా పోద్దా?" అంది ఊర్మిళ. అప్పట్నించి దమయంతి అరుగు మీదకి రావడం మానేసింది.

వింటున్నావా? ఊఁ.

ఆ ఏడు వానలు పడే ముందు ఒక పొద్దున్న మాస్టారు అరుగు మీద లెక్క చెబుతున్నారు. చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. వంగి తీసుకోబోయారు, చెయ్యి రాలేదు. ఏదో అనబోయారు, మూతి పక్కకి పోయింది. పిల్లలు లేచి నిలబడ్డారు. దమయంతి లోపల్నించి పరుగెత్తుకొచ్చి, తాత పడిపోకుండా తన ఒళ్ళు అడ్డం పెట్టింది.

పక్షవాతం. ఊరివాళ్ళు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. కర్ర పట్టుకుని నడక వచ్చింది. కొన్నాళ్ళకి ఒక్కో మాటా కూడదీసుకుని మాట్లాడటం కూడా వచ్చింది. కానీ లెక్కలు రాలేదు తల్లీ. పళ్ళెంలో ఇడ్లీలెన్ని అంటే చెప్పలేరు. మీ వయసెంత అంటే గోడ వైపు చూసేవారు.

"మాట తిరిగొచ్చినట్టే లెక్కా కొంత రావచ్చు. ఎంత వస్తుందో నేను చెప్పలేను. రోజూ ఎవరైనా పక్కన కూర్చుని చేయించాలి" అన్నాడు డాక్టరు.

అప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్న పిల్లలే వచ్చారు. ఆయనంటే వాళ్ళకి ప్రాణం. ముందు హేమసుందరం వచ్చాడు. "మాస్టారూ, తొమ్మిదారులెంత?" అన్నాడు. మాస్టారి పెదాలు వణికాయి. వాడు కాసేపు చూసి, "యాభై నాలుగు మాస్టారూ" అని తనే చెప్పి, ఇంకోటి అడిగాడు. మర్నాడు మరో అమ్మాయి వచ్చింది. అదీ అంతే. ఆ తర్వాత పై చదువుకి వెళ్ళిన పెద్ద కుర్రాడొకడు సెలవులకొచ్చి చూసి వెళ్ళాడు. వాడూ అంతే. అడిగారు, ఆగకుండా చెప్పేశారు. పిల్లల తప్పేముంది, వాళ్ళకి చదువంటే అలాగే తెలుసు.

వాళ్ళు వెళ్ళిపోయాక మాస్టారు కళ్ళు మూసుకుని పడుకున్నారు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి. తలుపు పక్కన నిలబడి దమయంతి చూసింది.

మర్నాడు అది చాటలో జీడిపిక్కలు తెచ్చి తాత ముందు చాప మీద పోసింది. ఏమీ అడగలేదు. ఒక పిక్క తీసి ఆయన మంచి చేతిలో పెట్టి, "ఒకటి" అంది. ఇంకోటి పెట్టి, "రెండు" అంది. తర్వాత ఊరుకుంది. మాస్టారు మూడో పిక్క తనే తీసుకున్నారు. చాలాసేపు దాన్ని చూశారు. "ఐదు" అన్నారు.

దమయంతి కాదనలేదు. పిక్కలు కింద పెట్టి మళ్ళీ మొదట్నించి మొదలెట్టింది. ఈసారి మూడో పిక్క దగ్గర ఇంకా ఎక్కువసేపు పట్టింది. "ఎంతసేపైనా పర్లేదు తాతా. నాకూ అంతే పడతాది" అంది. వాకిట్లో ఎండ పక్కకి తిరిగింది. "మూడు" అన్నారు మాస్టారు.

అలా రోజూ బడి నుంచి రాగానే కూర్చునేవారు. లెక్కించడం వచ్చింది. తర్వాత కూడికలు వచ్చాయి. పది పిక్కల్ని ఒక గుడ్డలో మూటకట్టడం దమయంతే కనిపెట్టింది. మూటలు పదులన్నమాట, విడిగా ఉన్నవి ఒకట్లు.

తీసివేతల దగ్గర మాస్టారు ఆగిపోయారు. మూడు మూటలు, రెండు విడి పిక్కలు, అంటే ముప్పై రెండు. అందులోంచి పదిహేడు ఇవ్వాలి. "రెండే... ఉన్నాయి. ఏడు... ఎలా?" అన్నారు. దమయంతికి కూడా తెలియలేదు. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలని బళ్ళో చెప్పారు. తెచ్చుకుంటూనే ఉంది, ఎందుకో ఎప్పుడూ తెలియదు. చాలాసేపు మూటల్నే చూసింది. చూసి చూసి ఒక మూట ముడి విప్పింది. పది పిక్కలు బయటపడ్డాయి. ఇప్పుడు విడివి పన్నెండు. ఏడు ఇచ్చేస్తే ఐదు మిగిలాయి. మూటలు రెండే ఉన్నాయి, అందులో ఒకటి ఇచ్చేస్తే ఒకటి మిగిలింది.

"పదిహేను తాతా" అంది దమయంతి. అని ఆ విప్పిన గుడ్డని అలాగే చేత్తో పట్టుకుని కూర్చుంది. "అప్పంటే ఇదా" అంది మెల్లగా.

తాతకి చెప్పాలంటే ముందు తనకి అర్థం కావాలి కదా. అలా తనకీ ఒక్కొక్కటి అర్థమవుతూ వచ్చింది. ఏడెనిమిదులు దగ్గర మాస్టారు రోజూ తప్పిపోయేవారు. "ఏడైదులు ముప్పై ఐదు, అది నీకొచ్చు. ఇక మూడు ఏడులే మిగిలాయి, అవి ఇరవై ఒకటి. రెండూ కలుపు" అని చెప్పింది దమయంతి. పిక్కల్ని ఏడేసి చొప్పున వరసలు పేర్చి, ఐదు వరసల తర్వాత ఒక గీత గీసింది. మాస్టారు గీతకి ఇటు లెక్కపెట్టి, అటు లెక్కపెట్టి, రెండూ కలిపారు.

కానీ అన్ని రోజులూ మంచి రోజులు కావు. ఒకరోజు, నిన్నటిదాకా వచ్చిన లెక్క కూడా పోయింది. మాస్టారికి తన మీద తనకే కోపం వచ్చి, చాప మీద పిక్కలన్నీ చేత్తో తోసేశారు. అవి గదంతా దొర్లాయి. దమయంతి మంచం కిందికి దూరి, మూలలు వెతికి, అన్నీ ఏరుకొచ్చింది. మళ్ళీ ఎదురుగా కూర్చుంది.

మాస్టారు దాని మొహం వైపు చూశారు. "నేను... నీ కోసం... ఆగలేదు" అన్నారు.

"అవును తాతా, ఆగలేదు" అంది దమయంతి.

అబద్ధం చెప్పలేదు పిల్ల. ఆయన చెయ్యి మాత్రం పట్టుకుంది. ఆ తర్వాత మాస్టారే ఒక పిక్క తీసి చాప మీద పెట్టారు.

చలికాలం వెళ్ళేసరికి గురుకులం పరీక్ష దగ్గరపడింది. "రాస్తావా?" అని అడిగారు మాస్టారు. రాయమనలేదు, అడిగారు.

"గంట కొట్టేలోగా నాకు అవ్వదు తాతా."

"అవ్వకపోనీ. వచ్చినవి... ముందు రాయి. రానిదాని పక్కన... చుక్క పెట్టు. చుక్క పెడితే... తప్పు కాదు. మళ్ళీ రావచ్చు."

ఇద్దరూ అలాగే సాధన చేశారు. తాత గడియారం ముందు పెట్టుకుని కూర్చునేవారు. దమయంతి రాసేది, చుక్కలు పెట్టేది, వెనక్కొచ్చేది. మొదట్లో సగం కాగితం చుక్కలే. పోను పోను తగ్గాయి.

పరీక్ష నాడు ఊర్మిళ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి కూతుర్ని తీసుకెళ్ళింది. మాస్టారు కర్ర పట్టుకుని తానూ బస్సెక్కారు. బడి గేటు బయట గట్టు మీద కూర్చున్నారు. గంట కొట్టకముందే హేమసుందరం లాంటి వాళ్ళు బయటికొచ్చేశారు. తల్లిదండ్రులు చుట్టూ మూగి, "ఎన్ని చేశావు, ఎన్ని ఒప్పు?" అని అడుగుతున్నారు. దమయంతి చివరి గంట కొట్టాక అందరికంటే వెనక వచ్చింది. మాస్టారు ఏమీ అడగలేదు. "ఆకలేస్తోందా?" అన్నారు. ముగ్గురూ అక్కడే కూర్చుని పులిహోర తిన్నారు.

సీటు హేమసుందరానికి వచ్చింది. దమయంతికి రాలేదు తల్లీ.

ఆ పిల్ల పెరట్లోకి వెళ్ళి గోనె బస్తాల వెనక కూర్చుని ఏడ్చింది. మాస్టారు వెళ్ళి పక్కన కూర్చున్నారు. ఊరుకోమనలేదు. ఏడుపు తగ్గాక, ప్రశ్నల కాగితం తెమ్మన్నారు. తను ఏ లెక్కకి ఏ జవాబు రాసిందో దమయంతి ఒక్కోటీ చెప్పింది. మాస్టారు పలక మీద ఒక్కో లెక్కా తనే చేసుకుంటూ వెళ్ళారు. ఆ లెక్కలు ఒకప్పుడు ఆయనకి రెప్పపాటు పని. ఇప్పుడు పొద్దు వాలేదాకా పట్టింది.

"రాసినవి... ఒక్కటీ తప్పు కాదు. మిగిలినవి... టైము చాలనివి. అంతే" అన్నారు.

"టైముంటే వస్తాయా తాతా?"

"వస్తాయి."

తాత ఊరికే మెచ్చుకునే మనిషి కాదని దమయంతికి తెలుసు. అందుకే ఆ మాట నమ్మింది. ఆ ఏడు రోడ్డవతల హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది. లెక్కలంటే దానికి మళ్ళీ భయం వెయ్యలేదు. నెమ్మదితనం మాత్రం పోలేదు. ఎందుకు పోవాలి?

ఆ తర్వాత ఏమైందంటే, తోటలో పిక్కలేరుకునే రుక్మిణి అనే పిల్లని దమయంతి వెంటబెట్టుకొచ్చింది. దాని వెనకే ఇంకొకరు, ఇంకొకరు వచ్చారు. లోకనాథం మాస్టారు మళ్ళీ అరుగు మీద కూర్చున్నారు. పక్కన మనవరాలు కూర్చుంది. ఆయన మాట తడబడితే అది అందుకునేది.

ఒక సాయంత్రం ఊర్మిళ ఫ్యాక్టరీ నుంచి వస్తోంది. ఇల్లు దగ్గరపడినా అలికిడి లేదు. పిల్లలు ఇవాళ రాలేదనుకుంది. తీరా చూస్తే అరుగు నిండా పిల్లలే. మధ్యలో రుక్మిణి తల వంచుకుని వేళ్ళు మడుచుకుంటోంది. పక్కవాళ్ళెవరూ జవాబు అందించడం లేదు. మాస్టారు గెడ్డం కింద కర్ర పెట్టుకుని దాని వంకే చూస్తున్నారు. ఊర్మిళ చప్పుడు కాకుండా చెప్పులు విడిచి, తను కూడా అరుగు చివర కూర్చుంది. రుక్మిణి రెండో చేతి వేళ్ళు మడవడం మొదలెట్టింది.

అయిపోయింది తల్లీ.

కథేమో కంచి దారి పట్టింది,
కంటిమీద కునుకొచ్చి తట్టింది,
చందమామ చెట్టుచాటుకెళ్ళాడు,
చిట్టితల్లి ఇల్లు చేరి పడుకుంది.