మచ్చ పోయిన తర్వాత

మౌలాలి మొహం మీది మచ్చ పోయింది. పోయిన నాటి నుంచి వాళ్లమ్మ అతని మొహంలోకి చూడటం మానేసింది.

ఆ సంగతి చెప్పుకోవడానికే అతను ఆ ఆదివారం మధ్యాహ్నం ఫక్కీరయ్య దగ్గరికి వచ్చాడు.

ఫక్కీరయ్య నందికొట్కూరులో పరుపులు కుట్టేవాడు. డెబ్బై దాటిన మనిషి. వెనకటి నుంచీ దూదేకులవాళ్ల కుటుంబం. రేకుల షెడ్డు, అందులో దూది ఏకే మిషను, ఒక మూల పాత పరుపుల గుట్ట. సాయంత్రం మిషను ఆగినాక నలుగురైదుగురు వచ్చి మూటల మధ్య కూర్చునేవారు. ఆయన తత్వాలు పాడేవాడు. ఎవరైనా ఏదైనా అడిగితే ఒకటి రెండు మాటల్లో చెప్పి ఊరుకునేవాడు. అందరూ ఆయన్ని స్వామీ అని పిలిచేవారు.

మౌలాలికి ఇరవై ఆరేళ్లు. పంతొమ్మిదో ఏట ఆయన దగ్గర శిష్యుడిగా చేరాడు. పుట్టుకతోనే అతనికి ఎడమ కణత నుంచి దవడ దాకా ఎర్రటి మచ్చ. చిన్నప్పుడు లేతగా ఉండేది. పెరిగేకొద్దీ నేరేడు పండు రంగుకు తిరిగింది. బడిలో ఫొటో తీసేరోజు జ్వరమని చెప్పి ఇంట్లోనే పడుకునేవాడు. పెద్దయ్యాక ఫోన్లు రిపేరు చేసే షాపులో పనికి కుదిరాడు. యజమాని మంచివాడే, కానీ అతన్ని వెనక గదిలో కూర్చోబెట్టాడు. ఎందుకని మౌలాలి అడగలేదు.

ఫక్కీరయ్య ఆ మచ్చ గురించి ఏడేళ్లలో ఒక్కమాట అనలేదు. అందుకే మౌలాలికి ఆ షెడ్డులో కూర్చుంటే ప్రాణం కుదుటపడేది.

రెండేళ్ల కిందట కర్నూలు ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ లేజర్‌తో ఇలాంటి మచ్చలు తీస్తుందని విన్నాడు. స్వామికి చెప్పడానికి భయపడ్డాడు. ఒంటి మీద ఇంత యావ ఎందుకంటాడేమో అనుకున్నాడు. చివరికి ఒక సాయంత్రం చెప్పాడు.

"నొప్పి ఉంటాదంటనా?" అని అడిగాడు ఫక్కీరయ్య.

"ఉంటాదంట స్వామీ."

"అట్లయితే ఏమన్నా తిని పో. ఖాళీ కడుపున పోవద్దు."

అంతే అన్నాడు.

నొప్పి ఉంది. బల్ల మీద పడుకోబెట్టి కళ్లకు మూతలు పెట్టేవారు. చీకట్లో చల్లటి గాలి చెంపకు తగిలేది, ఆ వెంటనే ఎవరో కాగిన నూనె చుక్క విసిరినట్టు చురుక్కుమనేది. చల్లగాలి, చురుకు. మళ్లీ చల్లగాలి, మళ్లీ చురుకు. కాలిన వెంట్రుకల వాసన వచ్చేది. అయిపోయేసరికి చెంప అంతా ఊదారంగు బొట్లు. అవి మానడానికి పది పన్నెండు రోజులు పట్టేది. ఆ రోజుల్లో అతని మొహం మునుపటి కంటే భయంకరంగా ఉండేది. మళ్లీ రెండు నెలలకు ఇంకోసారి.

వాళ్లమ్మ హుసేనమ్మ మొదటిసారి, "నేనూ రానా నాయనా?" అని అడిగింది. "నువ్వొచ్చి ఏం చేస్తావు?" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. అతను తిరిగొచ్చే వేళకు తడిగుడ్డ పట్టుకుని గడపలో నిలబడి ఉండేది.

పదకొండు సార్లు వెళ్లాడు. మచ్చ మెల్లమెల్లగా వెనక్కి తగ్గింది. ఆఖరికి ఎండలో దగ్గరగా వచ్చి చూస్తే తప్ప తెలియనంత లేత గులాబీ రంగు మాత్రం మిగిలింది. షాపు యజమాని అతన్ని ముందు కౌంటర్లో కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లు మామూలుగా మాట్లాడి, మామూలుగా వెళ్లిపోతున్నారు. ఆ మామూలుతనం మౌలాలికి కొత్తగా ఉంది. రోజుకు నాలుగైదు సార్లు ఫోనులో తన మొహం తనే చూసుకునేవాడు.

ఇంట్లో మాత్రం అమ్మ తల దించుకునే అన్నం పెట్టేది. పిలిస్తే పలికేది, గోడ వైపు తిరిగి.

"ఇరవై ఆరేండ్లు నా మొహం చూసి ఏడ్చింది స్వామీ," అన్నాడు మౌలాలి. "ఇప్పుడు బాగైంది, చూడమ్మా అంటే చూడదు. 'బాగుండాది నాయనా' అంటాది నేల చూపులు చూసుకుంటా. నిన్న గట్టిగానే అరిచినా. నేను బాగుపడితే ఆమెకి సంతోషం లేదు. కన్నతల్లి ఇట్ల ఉంటాదా?"

ఫక్కీరయ్య పరుపు అంచు కుడుతున్నాడు. సూది పరుపులో గుచ్చి లేచాడు. కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"యాడికి స్వామీ?"

"మీ ఇంటికి. ఆకలైతాంది."

ఆయన శిష్యుల ఇళ్లకు వెళ్లే మనిషి కాదు. మౌలాలి బండి తీశాడు.

హుసేనమ్మ ఆయన్ని చూసి కంగారుగా కొంగు తల మీదికి లాక్కుంది. చాప పరిచింది. ఆమె యాభై దాటలేదు, చూడటానికి అరవై దాటినట్టు ఉంటుంది.

"ఏముంటే అది పెట్టమ్మా," అన్నాడు ఫక్కీరయ్య.

జొన్నరొట్టెలు, ఎర్రగా మిరపకారం వేసిన వంకాయ కూర తెచ్చి పెట్టబోయింది. ఆయన పొయ్యి వైపు చూశాడు. అక్కడ పక్కగా చిన్న సత్తుగిన్నె ఒకటి మూత పెట్టి ఉంది.

"అది ఎవరిది?"

"నాది స్వామీ. మీరు తినేది కాదు."

"అదే పెట్టు."

ఆమె కదల్లేదు. ఆయన చెయ్యి చాపాడు. చివరికి ఆమె ఆ గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో ఉడికిన పప్పు, ఉప్పు వేసి. అంతే. ఎరుపు చుక్క కూడా లేదు.

ఆయన రొట్టె తుంచి అందులో అద్దుకుని తిన్నాడు. ఒక ముక్క, రెండు ముక్కలు. మౌలాలికి సిగ్గేసింది.

"అమ్మకి కడుపులో మంట స్వామీ. కారం పడదు."

"ఎన్నేండ్ల నుంచి?"

"నాకు తెలిసినప్పటి నుంచి ఇంతే."

ఫక్కీరయ్య గిన్నె అతని వైపు జరిపాడు. "తిను."

మౌలాలి తిన్నాడు. ఇరవై ఆరేళ్లు ఆ ఇంట్లో ఉండి ఆ గిన్నెలోది అతను ఎన్నడూ రుచి చూడలేదు. నోట్లో పెట్టుకున్న ముద్ద మింగుడు పడలేదు. నీళ్లు తాగాడు.

"ఇదెట్ల తింటాండావమ్మా?"

ఫక్కీరయ్య ఆమె వైపు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమె మాట్లాడింది, ఆయనతోనే, నేల చూస్తూ.

"వానికి సగం తెలుసు స్వామీ. వీధిలో అందరికీ తెలిసిన సగమే. వీడు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం వచ్చింది. కదలకుండా పండుకోవాల. ఇంట్లో గింజల్లేవు. మిరప కల్లానికి కూలికి పోయినా. తొడిమెలు తీస్తాంటే చెంప మండింది. ఈ చేత్తో రుద్దుకున్నా." ఎడమ చెంప మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. "వీడు పుట్టినాక మా అత్త వీణ్ని చూసి, 'ఆ పొద్దు ఏం చేసినావు?' అనడిగింది. చెప్పినా. చెప్పకుండా ఉండాల్సింది."

ఆ సగం మౌలాలికి బాగా తెలుసు. ఇంటికి ఎవరొచ్చినా జేజి, వాళ్ల నాయనమ్మ, చెప్పేది. పద్నాలుగో ఏట బడిలో ఎవరో ఏదో అన్నారని ఏడుస్తూ వచ్చి అతనే అమ్మతో అన్నాడు, ఆ పొద్దు నీ చెయ్యి ఊరకుండింటే నాకీ బతుకు ఉండేది కాదని. ఆమె అప్పుడు వంట చేస్తోంది. వంట ఆపలేదు.

"బారసాల నాడు మొక్కుకున్నా," అంది హుసేనమ్మ. "నా బిడ్డ మొహాన మచ్చ పోయేదాకా కారం ముట్టనని. అది ఉన్నన్నాళ్లూ నా తప్పు నేను తీర్చుకుంటా ఉంటి. ఇప్పుడు మిషను పెట్టి ఎవరో తీసేసిరి. పదకొండు తూర్లు కాల్చిరి. వాని మొహం చూస్తే ఆ కాల్చినదంతా నా చేతనే జరిగినట్టు ఉంటాది స్వామీ. మచ్చ పాయె. నా తప్పు నాకాడనే ఉండిపాయె."

ఫక్కీరయ్య మౌలాలిని అడిగాడు. "ఆ మచ్చ ఎందుకొస్తాదో డాక్టరమ్మ ఏమన్నా చెప్పిందా?"

మౌలాలి తల వంచుకున్నాడు.

"చెప్పింది."

"ఏం చెప్పింది?"

"చర్మం కింద సన్న రక్తనాళాలు వెడల్పైపోయి ఉంటాయంట. కడుపులో ఉన్నప్పుడే అట్ల తయారైతాదంట. గ్రహణం వల్ల కాదు, తల్లి తిన్నదాని వల్ల కాదు, ముట్టుకున్నదాని వల్ల కాదు. ఎవరి తప్పూ లేదంట. 'మీ అమ్మకి ఇంటికిపోయి చెప్పు, చానామంది తల్లులు తమ తప్పే అనుకుంటారు' అనింది."

హుసేనమ్మ తల ఎత్తలేదు.

"ఎప్పుడు చెప్పింది నాయనా?"

"మొదటి రోజే."

రెండేళ్లు. ఆ రోజు బస్సులో వస్తూ చెప్పాలనే అనుకున్నాడు. చెంప నిప్పుల్లో పెట్టినట్టు మండుతోంది. గడపలో అమ్మ తడిగుడ్డతో నిలబడి, నొప్పి పుట్టిందా అని అడిగింది. ఆ నిమిషంలో చెప్పబుద్ధి కాలేదు. ఇంత మంటకు ఎవరో ఒకరు కారణం కావాలనిపించింది. రెండోసారీ చెప్పలేదు. ఆ తర్వాత మర్చిపోయాడు. అంతే.

హుసేనమ్మ లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది. "చెయ్యి కడుక్కోండి స్వామీ," అంది.

ఫక్కీరయ్య చేతులు కడుక్కుని, నడుచుకుంటూ వెళ్లిపోయాడు. బండి మీద దింపుతానన్నా వద్దన్నాడు.

మరునాడు పొద్దున మౌలాలి లేచేసరికి హుసేనమ్మ పెట్టెలోని చీర కట్టుకుని కూర్చుని ఉంది.

"ఆ డాక్టరమ్మ కాడికి నన్ను తీస్కపో. ఆయమ్మ నోటితో వింటా."

కర్నూలు ఆస్పత్రిలో మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. డాక్టరమ్మ మౌలాలి చెంప చూసి బాగుందంది. ఎండలో తిరగొద్దని చెప్పింది. ఎప్పుడైనా కొంత రంగు తిరిగి రావచ్చు, వస్తే భయపడొద్దు అంది. అప్పుడు హుసేనమ్మ కొంగు సర్దుకుని అడిగింది.

"మిరపకాయలు పట్టిన చెయ్యి చెంపకు తగిలినా రాదా అమ్మా?"

"రాదమ్మా."

"గ్రహణం నాడు తగిలినా?"

"ఏ రోజు తగిలినా రాదు. మీరు చేసినదాని వల్ల రాలేదు." డాక్టరమ్మ మౌలాలి వైపు తిరిగింది. "మీకు ఇంట్లో చెప్పమన్నాను కదండీ అప్పుడే?"

మౌలాలి నోరు తెరిచేలోపే హుసేనమ్మ అంది. "చెప్పినాడమ్మా. ఆ పొద్దే వచ్చి చెప్పినాడు. నాకే మళ్లా ఒకతూరి వినాలనిపించింది."

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కర్నూలు దాటి చాలా దూరం వచ్చాక, "మీ జేజి ఉండింటే ఆయమ్మతో చెప్పిచ్చేదాన్ని," అంది. ఆ ముసలమ్మ చనిపోయి తొమ్మిదేళ్లయింది.

ఆ పూట ఇద్దరికీ కలిపి ఒకటే కూర వండింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆమె మొహం కందిపోయింది. కళ్ల వెంట నీళ్లు. దగ్గు ఆగలేదు. బయటికి వెళ్లి ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చింది.

"నాలిక మర్చిపోయింది నాయనా," అంది, అతని మొహంలోకి చూస్తూ. మళ్లీ ఆ సత్తుగిన్నె పొయ్యి మీద పెట్టుకుంది.

మౌలాలి రెండు రోజులు పనికి పోలేదు. మూడో రోజు సాయంత్రం షెడ్డుకు వెళ్లాడు. ఫక్కీరయ్య ఒక్కడే ఉన్నాడు, మీసాల మీద, కనుబొమల మీద దూది నూగుతో. ఆస్పత్రిలో జరిగింది, బస్సులో జరిగింది, ఇంట్లో జరిగింది అంతా మౌలాలి వరసగా చెప్పాడు. అమ్మ తన కోసం ఆడిన అబద్ధం కూడా దాచలేదు.

అంతా అయ్యాక అడిగాడు.

"అమ్మ నన్ను క్షమిస్తాదా స్వామీ?"

ఫక్కీరయ్య చేతిలో పని ఆపి అతని వైపు చూశాడు.

"ఆమె నీ మీద ఎప్పుడు నేరం పెట్టింది నాయనా?"

మౌలాలి లేచి ఇంటికి బయల్దేరాడు.