కారిన చోటు

సింగరాచార్యులు గారి దగ్గర ప్రశ్నకు వెంటనే జవాబు దొరకదు. అడిగినవాడి పనిచోటికి తానే వెళ్లి కళ్లారా చూసేదాకా ఆయన నోరు విప్పరు. ఇదేం చాదస్తమని శిష్యుల్లో కొందరం గొణుక్కునేవాళ్లం. నేనైతే కాస్త గట్టిగానే గొణిగేవాణ్ణి.

ఒక ఆదివారం కోగంటి మురహరి ఆయన ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బెజవాడ ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టే కంపెనీ అతనిది. ముప్ఫైమంది పనివాళ్లున్నారు.

"గురువుగారూ, మా పెద్దమేస్త్రి మీరావలిని ఎదుటి కంపెనీవాడు ఎక్కువ జీతమిచ్చి లాక్కుపోయాడు. నా దగ్గరున్న మిషన్లే వాడూ తెచ్చాడు. ఇరవై బస్సుల ఆర్డరు కోసం ఇద్దరం తలా ఒక బస్సు కట్టి చూపించాలి. వానకి కారని బస్సుదే ఆర్డరు. మాది జల్లెడలా కారుతోంది! ఇది పోతే షెడ్డు మూసుకోవడమే. వాడు కొనలేనిది నా దగ్గర ఇంకేం మిగిలిందండీ?"

"పొద్దున్నే వస్తాను. నన్నూ ఆ బస్సులో కూర్చోబెట్టు" అన్నారు ఆచార్యులు గారు. నేనూ వెంట వెళ్లాను.

ఆ షెడ్డులో మీరావలి పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. బస్సు తయారయ్యాక పైనుంచి గొట్టంతో నీళ్లు కొడతారు. వెల్డింగువాళ్లు, అద్దాలు బిగించేవాళ్లు, సీట్లు కుట్టే ఆడవాళ్లు అందరూ లోపల కూర్చుంటారు. చుక్క ఎవరిమీద పడితే వాళ్లు "ఇక్కడ!" అని కేక వేయాలి. అక్కడ పని చేసినవాడు లేచి, తానేం చేశాడో చెప్పాలి. నవ్వకూడదు, తిట్టకూడదు. పాతికేళ్లుగా ఒకరి తప్పు అందరికీ పాఠమయింది అలాగే.

ఆ రోజూ నీళ్లు కొట్టారు. చుక్కలు టపటపా పడుతున్నాయి, ఒక్కరూ నోరెత్తరు! సీట్లు కుట్టే నాంచారమ్మ భుజం తడిసి ముద్దయినా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఏమ్మా, తడుస్తున్నావు కదా, చెప్పవేం?" అని ఆచార్యులు గారు అడిగారు.

ఆమె మురహరి వంక చూసి తల దించుకుంది. "మేస్త్రి ఉన్నప్పుడు ఎక్కడ కారిందని అడిగేవోరండీ. ఇప్పుడేమో ఎవరు చేశారని అడుగుతున్నారు. అద్దాలు బిగించే ఏసోబు పోయిన వారం నిజం చెప్పి పని పోగొట్టుకున్నాడు. పిల్లలు గలదాన్ని, నాకెందుకొచ్చిన గొడవ బాబుగారూ!"

ఆచార్యులు గారు మురహరి వైపు తిరిగారు. "మేస్త్రిని వాడు తీసుకుపోయాడు, నిజమే. వీళ్ల నోళ్లు కూడా వాడే మూయించాడా?"

 మురహరి పాపం, చెడ్డవాడేం కాదు. భయం తలకెక్కితే ఎంతటివాడికైనా నోటి మంచితనం పోతుంది. లేచి నిలబడ్డాడు.

"పైకప్పు అతుకులకు నీళ్లు దిగకుండా పూసిన సీలు ఆరడానికి రెండు రోజులు కావాలని వీళ్లు చెబుతూనే ఉన్నారు. నేనే వినకుండా ఆ పూటే రంగు వేయించాను. తప్పు నాది. ఏసోబును వెళ్లగొట్టడం అంతకన్నా పెద్ద తప్పు. ఇవాళే వాళ్లింటికి వెళ్లి బతిమాలుకుంటాను."

"ఇక్కడండీ!" అంది నాంచారమ్మ. వెనక సీట్లోంచి ఇంకో కేక. ఒక వెల్డరు లేచి, మూల అతుకులో సందు వదిలేశానన్నాడు. సాయంత్రానికి తొమ్మిది చోట్లు దొరికాయి. నాలుగో రోజు ఏసోబు కూడా లోపల కూర్చున్నాడు. ఎంత నీళ్లు కొట్టినా చుక్క రాలేదు. పోటీలో ఎదుటివాడి బస్సు కారింది, ఆర్డరు మురహరికే వచ్చింది.

అయినా అతని బెంగ తీరలేదు. "మీరావలి అక్కడే ఉన్నాడు కదా గురువుగారూ. రేపు ఆ కంపెనీవాడూ ఈ ఆనవాయితీ పెడితే?"

ఆచార్యులు గారు నవ్వారు.

"పెట్టనీ నాయనా. మొదట వాడి తప్పు వాణ్ణి చెప్పుకోమను."