మిషనుకు మట్టి

చెన్నకేశవులుకు నిద్ర పట్టి చాలాకాలమైంది. ఆయన కొండలో సొరంగం తవ్వించే ఇంజనీరు. కొండకు అవతలున్న ఊళ్లకు నీళ్లు పోవాలంటే ఆ సొరంగం పూర్తికావాలి. తవ్వే మిషను మాత్రం కొండ నడుమ ఇరుక్కుపోయింది. పైనుంచి నుజ్జురాయి జారి దాని తలను పట్టేసింది. ఎంత రాయి తీస్తే అంత రాయి మళ్లీ పడేది. అలా రెండు వానాకాలాలు గడిచిపోయాయి.

"మిషనును అక్కడే వదిలేసి పక్కనుంచి తవ్వండి" అన్నారు పైవాళ్లు. చెన్నకేశవులు ఒప్పుకోలేదు. విడిభాగాలుగా వచ్చిన మిషనును దగ్గరుండి బిగించినవాడు ఆయన. దానితో పాటే కొండలోకి అడుగుపెట్టినవాడు.

మొన్న రాయి పడి వెల్డరు సాయన్న కాలు నలిగింది. అయినా ఇంకొక్కసారి ప్రయత్నిద్దామన్నాడు చెన్నకేశవులు. కూలీలెవరూ వద్దనలేదు. వద్దనే ఓపిక కూడా వాళ్లలో లేదు.

పనికి ముందు ఆశీర్వాదం కోసం గురువు పుల్లదాసు గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన కొండకింది ఊళ్లో చిన్న మఠంలో ఉంటారు.

"స్వామీ, ఈసారి మిషను కదలాలని దీవించండి."

పుల్లదాసు గారు శిష్యుడి కళ్లకింది నలుపు చూశారు. "నన్నొకసారి లోపలికి తీసుకుపో" అన్నారు.

సొరంగంలో మనుషుల్ని మోసే చిన్న రైలెక్కి ఇద్దరూ లోపలికి వెళ్లారు. ఉక్కపోత. పైనుంచి నీళ్లు కారుతున్నాయి. మిషను పక్కన కూలీలు గోడకు చేరగిలబడి కూర్చున్నారు. పెద్దాయనను చూసి లేవబోతే, కూర్చోమని చేయి ఊపారాయన.

మిషను ఇనుమును తడిమి చూశారు.

"దీని లోపల ఎవరైనా చిక్కుకున్నారా నాయనా?"

"లేదు స్వామీ. మనుషులెవరూ లేరు."

పుల్లదాసు గారు మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, గుప్పెడు మట్టి తీసి మిషను మీద వేశారు. మళ్లీ వంగారు. మూడు గుప్పిళ్లు వేసి, పక్కకు తప్పుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు.

చెన్నకేశవులు ముఖం కందిపోయింది. "ఏంటి స్వామీ ఇది! దీని మోటార్లన్నీ బాగానే ఉన్నాయి. కావాలంటే ఇప్పుడే వేసి చూపిస్తాను!"



వెనక ఎవరో లేచిన చప్పుడైంది. మేస్త్రీ కనకయ్య. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని వచ్చి, గుప్పెడు మట్టి వేసి వెళ్లాడు. అతని వెనక ఇంకొకడు. ఆ వెనక మరొకడు. ఎవరూ ఇంజనీరు ముఖంలోకి చూడలేదు. మట్టి వేసినవాడల్లా ఒక పెద్ద ఊపిరి వదిలి పక్కకు వెళుతున్నాడు.

చివరికి చెన్నకేశవులు ఒక్కడే మిగిలాడు. వంగి మట్టి తీశాడు. పిడికిలి విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పాక అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు.

ఆ పూట పని ఆపేసి అందరూ బయటికి వచ్చారు. షెడ్డు పక్కనున్న తొట్టి దగ్గర శిష్యుణ్ణి కూర్చోబెట్టి, పుల్లదాసు గారే తలమీద నీళ్లు పోశారు. మెడమీద, చెవుల వెనక పేరుకున్న రాతిపొడి బూడిదరంగు నీళ్లయి కారిపోయింది. చెన్నకేశవులు కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"రేపు పక్కనుంచి తవ్వడానికి గుర్తు పెట్టిస్తాను స్వామీ" అన్నాడు కళ్లు తెరిచి.

గురువు తన కండువాతో అతని తల తుడిచారు.

"ఆకలేస్తోందా?"

చెన్నకేశవులు తలూపాడు.

"వాళ్లకూ వేస్తుంటుంది. పిలువు."